సమానంగా నిండిన రెండు బిందెలు

“నా నీళ్ళు నానే కట్టేసుకుంటానేటండీ?” అన్నాడు గురునాథరావు.

నేను ఆ ప్రశ్న వెయ్యలేదు. ఆదివారం ఉదయం, జ్ఞానశేఖర్ హత్య జరిగిన వేళ, ఆయన ఎక్కడున్నాడని మాత్రమే అడిగాను. వెయ్యని ప్రశ్నకు వచ్చిన జవాబును నేను ఎప్పుడూ విడిగా దాచుకుంటాను.

“మీరు కట్టేశారని ఎవరన్నారు?”

“ఎవులూ అనలేదు. అనకముందే సెప్తన్నాను. మాది పల్లపు లైను. నిన్న పొద్దున్న మా కుళాయిలో సుక్క లేదు. మా ఇంటిది అప్పాయమ్మ మెట్ట లైనుకెళ్ళి తాగడానికి రెండు సెంబులు అడుక్కొచ్చింది. కావాలంటే పిలిచి అడగండి.”

“అడిగాను. నిజమే. మీరు ఎక్కడున్నారు?”

“ఈ అరుగు మీదే. గెడ్డం గీసుకుందామని కూకుని, నీళ్ళు లేక ఊరుకున్నాను.”

“తరవాత నీళ్ళు వచ్చాయి కదా. ఇవాళ కూడా వచ్చాయి. ఇంకా గీసుకోలేదేం?”

ఆయన చెంప తడుముకున్నాడు. “సావు జరిగిన కాలనీలో గెడ్డమేటండీ.”

మర్యాదైన జవాబు. కానీ చచ్చిపోయినవాడి పేరు ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదు.

ఇక్కడ జరిగినది చెప్పాలి. గాజువాక దాటాక కొండవాలున ఉన్న కాలనీ అది. కొండ మీది ట్యాంకు నుంచి ఒక పెద్ద గొట్టం దిగి, జీడితోట వెనక ఒక ఇటుకల గోతిలో రెండుగా చీలుతుంది. ఎగువ ఇళ్ళకు పోయే పాయను మెట్ట లైను అంటారు. దిగువ ఇళ్ళకు పోయేది పల్లపు లైను. దిగువకు వాలు ఎక్కువ. వదిలేస్తే నీళ్ళన్నీ అటే పోతాయి, ఎగువ కుళాయిలు గాలి కక్కుతాయి. ఈ తగవును ఏళ్ళ తరబడి కాలనీ సంఘం కార్యదర్శి గురునాథరావు తీర్చేవాడు. ఎవరు వచ్చి బతిమాలితే ఆ పూట వారి వైపు వాల్వు చక్రం తిప్పేవాడు. తెల్లవారేసరికి ఆయన అరుగు ముందు జనం నిలబడేవారు.

కిందటి ఏడాది జ్ఞానశేఖర్ మెట్ట లైనులో ఇల్లు కొనుక్కున్నాడు. నీటిపనుల్లో ఇంజనీరుగా చేసి రిటైరైనవాడు. ఆయన మెట్ట లైను వాల్వును పూర్తిగా తెరిచి వదిలేశాడు. పల్లపు లైను వాల్వును కొంచెం కొంచెంగా బిగిస్తూ, రెండు లైనుల చివరి కుళాయిల కిందా ఒకే కొలత బిందెలు పెట్టించి, రెండూ ఒక్కసారే నిండే చోట ఆపాడు. అక్కడ వాల్వు కడ్డీ మీద ఎర్ర గీత పెట్టాడు. బలహీనమైన పాయలో తెరవడానికి ఇంకేమీ మిగలదు. బలమైనదాన్ని బిగించడం ఒక్కటే దారి. నాటి నుంచి నెలకొక ఆదివారం బిందె పరీక్ష కాలనీకి ఆనవాయితీ అయింది. గురునాథరావు అరుగు ఖాళీ అయింది.

నిన్న పరీక్ష వేళకు పల్లపు కుళాయి ఎండిపోయి ఉంది. మెట్ట కుళాయిలో నీళ్ళు బుసలు కొడుతున్నాయి. తన లైనుకే నీళ్ళు మళ్ళించుకున్నాడని దిగువ వాళ్ళు జ్ఞానశేఖర్ మీద తిరగబడ్డారు. ఓడరేవులో కళాసీగా పనిచేసే అప్పలసూరి, “ఆ గోతిలోనే నిన్ను కప్పెట్టేత్తాను” అన్నాడు. అందరినీ కుళాయిల దగ్గరే ఉండమని చెప్పి జ్ఞానశేఖర్ ఒంటరిగా వెళ్ళాడు. కాసేపటికి నీళ్ళు వచ్చాయి. ఆయన రాలేదు. పిలుచుకు రావడానికి వెళ్ళిన అప్పలసూరి రక్తం అంటిన చేతులతో కేకలు పెడుతూ తిరిగి వచ్చాడు. సాయంత్రం అరెస్టు చేశారు. ఇవాళ నాలుగు గంటలకు అతన్ని మేజిస్ట్రేటు ముందుకు తీసుకుపోతారు.

అతని తల్లి కాశమ్మ పొద్దున్న నా గుమ్మంలో కూర్చుంది. సబ్బవరం దగ్గర వ్యవసాయం వదిలి, ఒక్క కొడుకు వెంట వచ్చేసిన మనిషి. “మావోడికి నోరే గానీ సెయ్యి లేవదు బాబూ,” అంది. “ఆడు లోపలికెళ్తే నాను ఈ కాలనీలో ఎవులి మొకం సూసి బతకాలి?”

ఆ మాట విని కేసు తీసుకున్నానని చెప్పుకుంటే బాగుంటుంది. కానీ నేను తీసుకున్నది, అది సన్యాసిరాజు కేసు కాబట్టి.

*

“రా బావా,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ సన్యాసిరాజు, గోతి అంచున నిలబడి. “వత్తావని తెలుసు. కాశమ్మ నీ ఇంటి దారి పట్టిందని పొద్దున్నే కబురొచ్చింది.”

మేమిద్దరం ఒకే రోజున ఒకే వరసలో నిలబడి పోలీసు టోపీ పెట్టుకున్నవాళ్ళం. నేను వదిలేసి ప్రైవేటుగా నేరపరిశోధన చేసుకుంటున్నాను. అతను ఉండిపోయి ఎదిగాడు. కిందటి నెల పత్రికలో అతని ఫొటో పడింది. ఆ పేజీ మడిచి పక్కన పెట్టాను, పారెయ్యలేదు. ఎందుకు పారెయ్యలేదో ఆలోచించకుండా ఉండడానికి చాలా పుస్తకాలు చదివాను.

“దిగనా?”

“దిగు. చక్రాలు ముట్టుకోకు. శవం తీసిన కాణ్ణుంచి కానిస్టేబుల్ కాపలా ఉన్నాడు. ఎలా ఉన్నది అలాగే ఉంది.”

ఛాతీలోతు గొయ్యి. ఇనుప మెట్లు. రెండు వాల్వులు, రెండు చక్రాలు. చక్రం తిప్పినకొద్దీ మధ్యలోని కడ్డీ పైకి లేస్తుంది. కడ్డీ ఎంత పైకి కనిపిస్తే వాల్వు అంత తెరిచినట్టు. మెట్ట వాల్వు కడ్డీ పూర్తిగా లేచి ఉంది. పల్లపు వాల్వు కడ్డీ నాలుగు వేళ్ళ మేర మాత్రమే పైకి ఉంది. ఎర్ర గీత ఉండవలసిన చోట లేదు. ఆకురాయితో గీకేసినట్టు తెల్లని లోహం మెరుస్తోంది. కింద ఇటుక మీద ఎర్రటి పొడి. కడ్డీ మొదట్లో గోధుమరంగు వార్నిష్ పెచ్చు ఒకటి, గోరులో సగం ఉంటుందేమో, అంటుకుని ఉంది.

“దెబ్బ దేనితో?”

“మూత ఎత్తే గునపంతో. ఎనకనుంచి ఒకే దెబ్బ. గునపం కడిగేశాడు.”

“రక్తం అంటిన చేతులు కడుక్కోకుండా గునపం మాత్రం కడిగాడా?”

సన్యాసిరాజు నవ్వాడు. “ఆ ముక్క కోర్టులో అడుగు.”

“నీ కథ చెప్పు.”

“కథ కాదు. శేఖర్ గారు తన లైను కోసం పల్లపు వాల్వు కట్టేశాడు. అప్పలసూరి కుళాయి కాణ్ణుంచి జారుకుని ఇక్కడికొచ్చాడు. కొట్టాడు. సక్రం తిప్పి నీళ్ళు వదిలాడు. ఎళ్ళిపోయి, మళ్ళీ పిలవడానికి వచ్చినట్టు వచ్చాడు. ఆడు కుళాయి కాడే ఉన్నాడని సెప్పే వాళ్ళంతా పల్లపు లైను వాళ్ళే. నానేల నమ్మాలి?”

“వాల్వు కట్టేసింది శేఖరేనని ఎలా తెలుసు?”

“పల్లపు నీళ్ళు ఆగితే లాభం ఎవులికి? మెట్టోళ్ళకి. తన కుళాయి తనే ఎండగట్టుకునే పిచ్చోడు ఎక్కడైనా ఉంటాడా బావా?”

అరగంట కిందట అరుగు మీద విన్న మాటే. అతని తర్కంలో తప్పు వెతికాను. దొరకలేదు. దొరకనందుకు కలిగిన మంట అప్పలసూరి కోసం కాదని నాకు తెలుసు. ఆ క్షణంలో ఎవరైనా వచ్చి, ఈ కేసులో నువ్వు ఓడిపోతావు, కానీ సన్యాసిరాజు కూడా ఓడిపోతాడు అని చెప్పి ఉంటే, నేను సంతోషంగా ఒప్పుకునేవాణ్ణి.

మెట్టు మీద నా కాలు ఆగిపోయింది.

తన కుళాయి ఎండినా సరే, ఎదుటివాడి పేరు ఎండితే చాలుననుకునే పిచ్చివాడు ఉంటాడు. ఇప్పుడే, నాలోనే కనిపించాడు. వెతకడానికి గోతిలోకి దిగనక్కరలేకపోయింది.

“ఏటి బావా, మెట్టు మీద తపస్సు సేత్తన్నావా?”

“కోపంతో మనిషిని చంపినవాడు, నీళ్ళ కోసం చంపినవాడు, వాల్వును నాలుగు వేళ్ళు మాత్రమే తెరిచి ఆపుతాడా? చివరిదాకా తిప్పెయ్యడా?”

“కంగారులో ఎక్కడో అక్కడ వదిలేసుంటాడు.”

“ఎక్కడో అక్కడో, సరైన చోటో బిందెలే చెప్తాయి. మధ్యాహ్నం నీళ్ళు మూడింటికి వదులుతారు. నీ జీపు నాలుగింటికి.”

“నీ బిందెల సరదాకి నా జీపు ఆగదు.”

“ఆగమనలేదే.”

“సరే, పెట్టించు. పదిమంది ముందర పెట్టించు. నీ సరదా కూడా ఒకేసారి తీరిపోద్ది.”

పదిమంది ముందర అన్న మాట అతనికి నచ్చింది. నాకూ నచ్చింది. మా ఇద్దరి మధ్యా పెద్ద తేడా ఏమీ లేదని అప్పుడనిపించింది.

*

జ్ఞానశేఖర్ శవం ఇంకా ఆసుపత్రి నుంచి రాలేదు. ముందు గదిలో చర్చి నుంచి తెచ్చిన బెంచీలు వేసి ఉన్నాయి. వాటి మీద ఎవరూ లేరు. నీళ్ళ దొంగ ఇంటికి పలకరింపుకు రావడానికి దిగువ వాళ్ళకు కోపం, ఎగువ వాళ్ళకు సిగ్గు. ఆయన భార్య రత్నమణి ఒక్కతే గోడవారగా కూర్చుని ఉంది.

“పోలీసులు నన్ను ఒకటే అడిగారండీ,” అంది. “మీ ఆయన నీళ్ళు మళ్ళించుకున్నాడా అని. లేదన్నాను. అది రాసుకోలేదు.”

“కడ్డీ మీద ఎర్ర గీత ఎవరో గీకేశారు. ఆయనకు తెలుసా?”

“శనివారం సాయంత్రం చూసొచ్చారు. ‘ఎవరో నా గీత చెరిపేశారు రత్నం’ అన్నారు. అప్పటికి చక్రం మాత్రం కదపలేదట. వెంటనే పాత గొడుగు తీసి కర్ర కోశారు. ఆ ముక్క పట్టుకెళ్ళి కడ్డీ పక్కన ఆనించి, సరిగ్గా కడ్డీ పొడుగుకు తగ్గించుకుని తెచ్చుకున్నారు. ఇక గీతతో పని లేదు, చక్రం ఎవరు తిప్పినా ఇది ఆనించి మళ్ళీ అక్కడే పెట్టెయ్యొచ్చు అన్నారు.”

“ఆ ముక్క సంగతి ఎవరికైనా చెప్పారా?”

“చెప్పొద్దన్నారు. గీత చెరిపినవాడు దీన్నీ వదలడని. నాకు తప్ప తెలీదు. ఇప్పుడు మీకు.”

పంచనామా నేను చదివాను. శవం జేబులో కళ్ళజోడు, రుమాలు, చిన్న కొత్త నిబంధన. గోతిలో గునపం. గొడుగు కర్ర ఎక్కడా లేదు. దాని వార్నిష్ పెచ్చు మాత్రం కడ్డీ మొదట్లో మిగిలిపోయింది.

“ఎవరి మీదనైనా ఆయనకు అనుమానం ఉండేదా?”

“ఆయనకు మనుషుల మీద అనుమానం రాదండీ. నాకు ఆయన మీద ఉన్న కోపమంతా అదే.” ఆమె ఖాళీ బెంచీల వైపు చూసింది. “గురునాథరావుగారి అరుగు ముందు నుంచి వెళ్తూ రోజూ నమస్కారం పెట్టేవారు. ఆయన తిరిగి పెట్టేవాడు కాదు. ‘పెద్దాయనకు చూపు మందగించినట్టుంది’ అనేవారు.”

“మూడింటికి బిందె పరీక్ష పెట్టిస్తున్నాను. మీ లైను చివర కూర్చోవడానికి ఎవరైనా—”

“నేనే కూర్చుంటాను,” అంది రత్నమణి, లేస్తూ. “దొంగ అన్నారు కదా. నేనే పెడతాను బిందె.”

*

కాలనీ చివర రెండు వరసలూ ఒకే రోడ్డు మీదికి వస్తాయి. మెట్ట కుళాయి గట్టు మీద, పల్లపు కుళాయి గట్టు కింద. మధ్యలో నిలబడితే రెండూ కనిపిస్తాయి. నిన్న జనమంతా ఇక్కడే ఉన్నారు. గోతికి దగ్గర ఉన్నది పల్లపు లైను మొదట్లో ఉన్న ఇల్లు ఒక్కటే. గురునాథరావు ఇల్లు.

పైన రత్నమణి కూర్చుంది. కింద కాశమ్మ. ఇద్దరి ముందూ ఒకే కొలత ఇత్తడి బిందెలు. జీపు ఎండలోనే ఆగి ఉంది. వెనక సీటులో బేడీలతో అప్పలసూరి.

“అమ్మా, బిందె ఒరిగిపోతన్నాది, సరిగ్గా ఎట్టు,” అన్నాడు అతను.

“నువ్వు నోరు మూసుకోరా,” అంది కాశమ్మ తల తిప్పకుండా. “ఆ నోటితోనే కదా ఇంత తెచ్చావు.”

ఎవరో కిసుక్కుమన్నారు. నేను గుంపులోకి నడిచి గురునాథరావు పక్కన నిలబడ్డాను. సన్యాసిరాజు విజిల్ ఊదాడు.

ఇద్దరూ ఒక్కసారే కుళాయిలు తిప్పారు. ముందు రెండు బిందెల్లోనూ ఖంగుమని చప్పుడు. తరవాత చప్పుడు సన్నబడుతూ, బిందె మెడ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ స్వరం మారింది. రెండింటిదీ ఒకే స్వరం. జనం పైకీ కిందికీ చూస్తున్నారు. గట్టు మీద నీళ్ళు అంచు దాటి పొర్లాయి. గట్టు కింద కూడా, అదే క్షణంలో. కాశమ్మ తలెత్తి చూసింది. రత్నమణి తల వంచి చూసింది. నిన్నటి నుంచి ఆ రెండు ఇళ్ళవాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం అదే మొదటిసారి.

“ఎక్కడో అక్కడ వదిలేసిన వాల్వు ఇలా నింపదు,” అన్నాను సన్యాసిరాజుతో, అందరికీ వినిపించేలా. “అక్కడ పెట్టడం తెలిసినవాడు జ్ఞానశేఖర్. అంటే దెబ్బ తినకముందే ఆయన వాల్వు సరిచేశాడు. నీళ్ళు అప్పలసూరి వదిలినవి కావు. అవి వచ్చేశాక నీళ్ళ కోసం మనిషిని చంపడం దేనికి?”

“మళ్ళించుకున్నాడన్న కసి ఉండొచ్చు,” అన్నాడతను. కానీ మాట నెమ్మదించింది. “పిలవడానికి వచ్చినప్పుడు కొట్టుండొచ్చు.”

అతను చెప్పింది నిజమే. దాహంతో జరిగిన హత్య కాదని మాత్రమే బిందెలు చెప్పాయి. పేరు చెప్పలేదు. జీపు డ్రైవరు గడియారం చూసుకుంటున్నాడు.

పల్లపు లైను తాతబాబు, పళ్ళు లేని ముసలివాడు, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. “సచ్చిపోయినా సేకరుబాబు సెయ్యి సెయ్యేరా,” అన్నాడు. “నిన్న నానూ ఆ బాబుని తిట్టాను. అలాటోడు మన కాలనీకి మళ్ళీ రాడు.”

నా పక్కన గురునాథరావు ఊపిరి మారింది.

ఆ ఊపిరి నాకు తెలుసు. సన్యాసిరాజు ఫొటో ఉన్న పేజీని ఎవరైనా నా చేతిలో పెట్టి చదవమన్నప్పుడు నేను తీసే ఊపిరి అది. తరవాత ఏ మాట ఎక్కడ గుచ్చుతుందో నేను వెతుక్కోవలసిన అవసరం లేకపోయింది. నన్ను ఏ మాట అంటే నాకు నిద్రపట్టదో, దాన్నే తీసి ఆయన ముందు పెట్టాను.

“గురునాథరావు గారూ, ఇన్నేళ్ళూ ఆ చక్రాలు మీ చేతిలోనే ఉన్నాయి కదా. ఒక్క రోజైనా ఇలా కుదిరిందా?”

“కుదరడమేటండీ?” అన్నాడు ఆయన. “అదేటి పెద్ద విద్యా?”

“నీకు రాలేదు కదా గురునాదం,” అన్నాడు తాతబాబు. “ఒప్పేసుకో. ఆ బాబుకొచ్చింది.”

“రాకపోవడమేటి?” గురునాథరావు మెడ నరాలు ఉబ్బాయి. “గొడుగు కర్ర ముక్క ఆనించి సక్రం తిప్పడానికి ఇంజనీరే కావాలేటి? వచ్చే పరీచ్చకి నానే పెడతాను. నాను పెడితే మాత్రం బిందె నిండదా?”

గట్టు మీద రత్నమణి లేచి నిలబడింది.

నేను అడగవలసిన ప్రశ్న మధ్యాహ్నం నుంచి నా దగ్గర సిద్ధంగా ఉంది. ఏ గొంతుతో అడగాలో కూడా నిర్ణయించుకున్నాను. అది నా నోట రాలేదు.

“ఏ గొడుగు కర్ర గురునాథరావు గారూ?” అన్నాడు సన్యాసిరాజు. రత్నమణి చెప్పిన సంగతి అతనికి తెలియదు. తెలియకుండానే పట్టుకున్నాడు. “పంచనామా నానే రాయించాను. అందులో గొడుగు కర్ర లేదు.”

గురునాథరావు కుడిచెయ్యి పంచె మొలమడత మీదికి పోయింది. తియ్యడానికి కాదు, కప్పడానికి. సన్యాసిరాజు ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా పక్కకు తీశాడు. మడతలోంచి నాలుగు వేళ్ళ పొడుగు కర్రముక్క బయటికి వచ్చింది. గోధుమరంగు వార్నిష్. ఒక చివర పెచ్చు లేచిపోయి ఉంది.

గురునాథరావే మొదలుపెట్టాడు, ఎవరికీ చెబుతున్నట్టు కాకుండా.

“సక్రం కట్టేసింది నానే. అందరూ తిడతారు, మళ్ళీ నా అరుగు కాడికొత్తారు అనుకున్నాను. ఎలా ఎతుక్కుంటాడో సూద్దామని తోటలో నిలబడ్డాను. గీత లేదు గదా, తడుముకుంటాడనుకున్నాను.” ఆయన కర్రముక్క వైపు చూశాడు. “జేబులోంచి అది తీశాడు. ఆనించాడు. తిప్పాడు. ఒక్కసారికే. రెండు గొట్టాల్లోనూ నీళ్ళు ఒక్కలాగే సప్పుడు సేసేయి. తలెత్తి నన్ను సూసి, ‘రండి గురునాథరావు గారూ, మీకూ నేర్పిస్తాను’ అన్నాడండీ. మళ్ళీ వంగున్నాడు.”

ఆయన కర్రముక్క మీంచి చూపు తిప్పుకున్నాడు. “ఆ మాట అనకుండా ఉండుంటే బాగుండును.”

బేడీలు ఒకరి చేతుల నుంచి ఇంకొకరి చేతులకు మారాయి. అప్పలసూరి జీపు దిగి, మణికట్లు రుద్దుకుంటూ, గట్టు మీద నిలబడ్డ రత్నమణిని చూసి అక్కడే ఆగిపోయాడు. కాశమ్మ బిందె వదిలేసి పరుగెత్తుకు వచ్చి, నన్ను దాటి, సన్యాసిరాజు కాళ్ళ మీద పడింది.

“నాకు కాదమ్మా,” అన్నాడతను వంగి ఆమెను లేపుతూ. “నీ కొడుకుని విడిపించింది ఆ బాబు.”

ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. అందులో కల్తీ వెతికాను, దొరకలేదు. కాశమ్మ నా వైపు తిరిగి చేతులు జోడించింది. అతను చెప్పాక జోడించింది.

రత్నమణి గట్టు దిగివచ్చి, ఇంకా పారుతున్న పల్లపు కుళాయిని కట్టేసింది.

“పద బావా,” అన్నాడు సన్యాసిరాజు నా భుజం మీద చెయ్యి వేసి. “స్టేట్‌మెంటు రాద్దాం. నీ పేరు కూడా ఉంటాది.”

జీపులో గురునాథరావు ఎదురుగా నాకు చోటు దొరికింది. ఆయన ఒక్కసారి తలెత్తి నా ముఖం చూశాడు. ‘కూడా’ అన్న ఆ మాట దగ్గర నేను ఇంకా ఆగి ఉన్నానని, ఆ జీపులో ఆయనకు ఒక్కడికే తెలిసినట్టుంది.